గుట్ట చేను డైరీ: జేజబ్బ కాపాడిన అడవికి క్రెడిట్ లేదంట, పక్కన బీడుకి ఉందంట

మాది రాయచోటి నుంచి లక్కిరెడ్డిపల్లె పోయే వైపు, పాలకొండల కింద చిన్న ఊరు. మామిడి, చెనిక్కాయ చేను పోను గుట్ట వాలులో మాకు 9 ఎకరాల పట్టా ఉంది. అందులో వంక పక్కన 3 ఎకరాలు మా జేజబ్బ ఎప్పుడూ గొడ్డలి పెట్టనీకుండా కాపాడిన చిట్టడవి, మిగతా 6 ఎకరాలు మేకలు తిని, వంటచెరుక్కి కొట్టి, రాయి తేలిన బీడు. ఈ రెండింటినీ కలిపి కార్బన్ క్రెడిట్లకి పెట్టొచ్చు అని ఎవరో చెప్తే మొదలుపెట్టిన పని ఇది. నోటు పుస్తకంలో ముక్కలు ముక్కలుగా రాసుకున్నది ఇక్కడ టైప్ చేస్తున్నా, ఎవరైనా ఇదే ఆలోచనలో ఉంటే పనికొస్తుంది.

2024 జనవరి

మొదటి నెల అంతా చదవడమే. చదివే కొద్దీ గుండె కొంచెం కుంగింది, ఎందుకంటే కార్బన్ క్రెడిట్ అంటే చెట్టు ఉన్నందుకు ఇచ్చే డబ్బు కాదు, నువ్వు ఏదో చేయబట్టి అదనంగా చేరిన కార్బన్‌కి ఇచ్చే డబ్బు. ఒక టన్ను కార్బన్ డయాక్సైడ్ గాల్లోంచి తీసి చెట్టులో పెడితే ఒక క్రెడిట్, పొగ వదిలే కంపెనీలు దాన్ని కొనుక్కుంటాయి. జేజబ్బ 50 ఏళ్ల కింద కాపాడిన చెట్టులో కార్బన్ బోలెడు ఉంది, కానీ అది నేను లేకపోయినా ఉండేదే కాబట్టి లెక్కలోకి రాదు. పాత క్యోటో వాతావరణ ఒప్పందం కాలం నాటి సీడీఎంలో (మన లాంటి దేశాల ప్రాజెక్టులకి క్రెడిట్లు ఇచ్చిన ఐక్యరాజ్యసమితి పద్ధతి) అయితే గీత ఇంకా గట్టిగా ఉండేది, 1989 డిసెంబర్ 31 నాటికి అడవి ఉన్న నేల అయితే మళ్లీ అడవి పెంచినట్టు లెక్క కట్టడానికి లేదు. న్యూజిలాండ్‌లో కూడా అదే గీత, 1990కి ముందునించీ ఉన్న అడవి వేరు, ఆ తర్వాత పుట్టిన అడవి వేరు, రైతు పొలంలో దానంతట అది లేచిన నాటు అడవి అయినా సరే తర్వాత పుట్టింది అయితేనే క్రెడిట్.

మన దేశం అప్పట్లో సీడీఎంకి చెప్పిన అడవి నిర్వచనం చూసినా: కనీసం 0.05 హెక్టారు నేల, 15 శాతం నీడ కప్పు, 2 మీటర్ల ఎత్తుకి పెరగగలిగే చెట్లు. 0.05 హెక్టారు అంటే 12 సెంట్లు. అంటే మా వంక పక్క 3 ఎకరాలు ఏ లెక్కన చూసినా అడవే. ఈ మాట జేజికి చెప్తే "అడవని మాకు తెలీదా, కాగితం చెప్పాల్నా" అనింది. నిజమే కదా.

సరే, 3 ఎకరాలు పక్కన పెట్టి 6 ఎకరాల బీడు మీద పడాలి అని తేల్చుకున్నా.

2024 ఫిబ్రవరి

బీడంతా నడిచినా, రెండు రోజులు పట్టింది. పైకి చూస్తే రాళ్లూ బోదగడ్డీ తప్ప ఏం లేదు కానీ కూర్చొని చూస్తే నేల కింద అడవి ఇంకా బతికే ఉంది. చిరుమాను మొద్దులు, చండ్ర మొద్దులు, బిల్లుడు, మోదుగ, రేల, తునికి, ప్రతి మొద్దు చుట్టూ మోకాలెత్తు పిలకలు, పైన కొసలన్నీ మేకలు కొరికినవే. ఏటా లేస్తాయి, ఏటా కొరుకుతాయి. వేరు ముసలిది, పిలక పసిది.

ఇది నాకు పెద్ద విషయం. నర్సరీ నుంచి మొక్కలు తెచ్చి గుంతలు తీసి నాటాలి, డ్రిప్ వేయాలి అని లెక్కలు వేసుకుంటున్నా అప్పటిదాకా. చిరుమాను గింజ అయితే అసలు సరిగ్గా మొలవదు, ఎక్కువ తాలు గింజలే, కాబట్టి దాన్ని నర్సరీలో పెంచాలంటే కష్టం, కానీ మొద్దు నుంచి మాత్రం బ్రహ్మాండంగా లేస్తుంది. వేర్లు సిద్ధంగా ఉన్నప్పుడు నాటేది ఎందుకు, అడ్డం తీసేస్తే చాలు.

ఇంకోటి గమనించినా. బాగా నిలబడిన పసి చెట్లన్నీ రేగు పొదలోనో పరికి పొదలోనో ఉన్నాయి. ముళ్లు మేక మూతిని ఆపుతాయి, లోపల మొక్క పెరుగుతుంది. మా ఊర్లో చేను బాగు చేయడం అంటే ముందు కంప కొట్టి తగలబెట్టడమే, మా చిన్నాయన కూడా "ముందు జేసీబీ పెట్టి ఆ కంపంతా ఎత్తేయి, అప్పుడు శుభ్రంగా కనిపిస్తది" అన్నాడు. శుభ్రం చేసుంటే ఉన్న పసి చెట్లన్నీ పోయేవి. చిన్నాయన్ని తీసుకపోయి పరికి పొద లోపల ఉన్న ఎర్రచందనం మొలక చూపించినా, అప్పుడు ఆయనే "సరేలే, అది ఉండనీ" అన్నాడు. ఎర్రచందనం మన శేషాచలం, పాలకొండ, వెలిగొండ, లంకమల గుట్టల్లో, వాటి చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా దానంతట అది పుట్టే చెట్టు కాదు. దాని మీద ఆశ వేరే వాళ్లకి, నాకు అది మొలిచిందన్న సంతోషం వేరే.

2024 మే

లంటానా, అంటే నేలంతా కమ్మేసే ముళ్ల కలుపు పొద. ఎండలు మండిపోతున్నా ఈ నెల దీని మీదే పోయింది. వంక వైపు ఒకటిన్నర ఎకరం అంతా ఇదే, కింద ఒక్క మొలక లేదు. పైన కొడితే వారంలో రెట్టింపు పిలకలు. చదివి తెలుసుకున్న పద్ధతి ఏంటంటే మొదలు దగ్గర మట్టి కింద మూడు నాలుగు సెంటీమీటర్ల లోతులో, పిలకలు పుట్టే చోటికి కింద, తల్లివేరు కొట్టేసి పొదని ఎత్తి తలకిందులుగా పెట్టాలి, వేరు పైకి ఎండకి. మట్టి తగిలితే మళ్లీ పట్టుకుంటుంది. ఢిల్లీ యూనివర్సిటీలో సి.ఆర్. బాబు గారు వాళ్ళు తయారు చేసిన పద్ధతి ఇది. గడ్డపారలతో నలుగురు కూలోళ్ళు, నేను, 11 రోజులు. ఎండిన లంటానాని పారేయలేదు, అంచు వెంబడి కంచెకి కంప కింద వేసినాం.

ఒకేసారి మొత్తం తీయొద్దు అని మాత్రం ఇప్పుడు చెప్తా. నేను తీసేసినా, ఆ ఖాళీలో వానకి వయ్యారిభామ కలుపు లేచింది, దాన్ని పూత రాకముందు పీకడానికి ఇంకో నాలుగు రోజులు. పట్టీలు పట్టీలుగా తీసుకుంటూ పోయి ఉంటే గడ్డి ముందు పట్టుకునేది.

2024 జులై, మేకల మామ

ఇది రాయడానికి చాలా సార్లు కూర్చొని లేచినా, ఎందుకంటే అన్నిటికన్నా కష్టమైన భాగం ఇదే.

ఆ బీడు నా పట్టా అయినా మూడు తరాలుగా ఒక కుటుంబం జీవాలు అందులోనే మేస్తాయి. నేను ఆయన్ని మామా అనే పిలుస్తా. 60 మేకలు. కంచె వేస్తున్నా అని చెప్పినప్పుడు ఆయన గొడవ పడలేదు, రాయి మీద కూర్చొని "అల్లుడూ, మేకలు గాలి భోంచేసి బతకవు కదా" అన్నాడు అంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కార్బన్ రూల్సులో దీనికి ఒక పేరుంది, లీకేజీ. అంటే నేను ఈ గుట్ట మూసేస్తే మేకలు పక్క గుట్ట మీద పడతాయి, అక్కడ పిలకలు పోతాయి, ఇక్కడ చేరిన కార్బన్ అక్కడ పోయినట్టు, దాన్ని లెక్కలోంచి తీసేయాలి. చదివినప్పుడు టెక్నికల్ మాటలా అనిపించింది కానీ దాని అసలు అర్థం ఆ రాయి మీద కూర్చున్న మామ.

మూడుసార్లు కూర్చొని మాట్లాడుకున్నాం. 6 ఎకరాల్లో 4 మూస్తాం, 2 తెరిచే ఉంటాయి. వంకలో నీళ్లకి పోయే బాట కంచె మధ్యలోంచి వదిలినాం, రెండు వైపులా కంప వేసి. మూసిన 4 ఎకరాల్లో గడ్డి కోసుకొని పోవచ్చు, కొడవలితో మాత్రమే, జీవాలు లోపలికి రాకూడదు. మా చేలో చెనిక్కాయ కట్టె, కంది పొట్టు సగం మామకి. పిలకలు మేకకి అందనంత ఎత్తుకి పోయినాక, మూడేళ్లో నాలుగేళ్లో, అప్పుడు తెరిచి ఈ 2 ఎకరాలు మూయాలి. కాగితం మీద రాసి ఇద్దరం సంతకం పెట్టినాం, ఊరి పెద్దాయన ముందర.

దీంతో నా క్రెడిట్ నేల 6 నుంచి 4 ఎకరాలకి తగ్గింది. తగ్గనీ.

2024 ఆగస్టు, కొలతలు

బీడు లోపల 20 మీటర్లకి 20 మీటర్లు గళ్లు, మూసిన దాంట్లో 4, తెరిచిన దాంట్లో 2. మొదటిసారి తప్పు చేసినా: టేపు వాలు మీద పరిచి 20 మీటర్లు పెట్టేసినా. నేల విస్తీర్ణం ఎప్పుడూ సమతలానికి లెక్క, వాలుకి కాదు. మా గుట్ట దాదాపు 20 డిగ్రీల వాలు, ఫోన్‌లో యాప్ పెట్టి చూసినా, అంటే వాలు వెంబడి 21.3 మీటర్లు కొలిస్తేనే అసలు 20 మీటర్లు అవుతుంది. 4 గళ్లు పీకి మళ్లీ వేసినా. మూలల్లో రాయి పాతి తెల్ల పెయింట్, జీపీఎస్ పాయింట్ రాసుకోవడం, ప్రతిసారి అదే మూల నుంచి అదే దిక్కుకి ఫోటో.

చెట్టు కొలవడం ఇట్లా: నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో, అంటే రొమ్ము ఎత్తులో, చుట్టుకొలత తీసుకొని 3.14తో భాగిస్తే అడ్డకొలత. వాలులో అయితే గుట్ట పై వైపు నిలబడి కొలవాలి. దాంతో పాటు ఎత్తు, చెక్క సాంద్రత. ఉదాహరణకి జేజబ్బ అడవిలో ఒక చిరుమాను కొలిచినా, లెక్క నేర్చుకోవడానికే. చుట్టుకొలత 57 సెంటీమీటర్లు, అడ్డం 18, ఎత్తు 7 మీటర్లు, చిరుమాను చెక్క బరువైనది, సాంద్రత 0.8కి దగ్గర. ఉష్ణమండల చెట్లకి అందరూ వాడే సూత్రంలో వేస్తే నేల పైన ఎండు బరువు 100 కిలోల చుట్టూ వచ్చింది. వేర్లకి 28 శాతం కలిపితే 128. అందులో 47 శాతం కార్బన్, 60 కిలోలు. కార్బన్‌ని కార్బన్ డయాక్సైడ్‌గా మార్చడానికి 44ని 12తో భాగించి గుణిస్తే 220 కిలోలు. అంటే అట్లాంటి చెట్లు దాదాపు 5 కలిస్తే ఒక టన్ను, ఒక క్రెడిట్. చేతికి పట్టనంత చిరుమాను 5 నిలబడాలి ఒక్క క్రెడిట్ పుట్టాలంటే! మా చిన్నాయన లెక్క చూసి చాలాసేపు ఏం మాట్లాడలేదు.

డబ్బు లెక్క కూడా అప్పుడే వేసుకున్నా, దాచేది ఏం లేదు. మా లాంటి ఎండు గుట్టలో ఎకరాకి ఏడాదికి ఒక టన్ను చేరుతుంది అనుకుందాం, క్రెడిట్ వెయ్యి రూపాయలు అనుకుందాం. 4 ఎకరాలకి 4 టన్నులు. అందులో కొంత బఫర్ అని పక్కన పెడతారు, రేపు మంట వచ్చో కరువొచ్చో చెట్లు పోతే సర్దడానికి, గోల్డ్ స్టాండర్డ్ అని క్రెడిట్లకి ముద్ర వేసే సంస్థ ఉంది, అందులో అయితే 20 శాతం. మిగిలేది 3.2 టన్నులు, 3,200 రూపాయలు ఏడాదికి. మధ్యవర్తి వాటా ఇంకా తీయలేదు. ఆడిట్‌కి బయటి నుంచి మనుషులు వచ్చి చూసి సంతకం పెట్టాలి, ఆ ఖర్చు లక్షల్లో. కాబట్టి ఒక్క రైతుకి ఒంటరిగా ఇది కుదరదు, వందల మంది రైతుల నేల ఒక్క ప్రాజెక్టుగా కట్టాలి. అరకులో నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ చేసినది ఆ పద్ధతే, వేల మంది గిరిజన రైతుల కాఫీ తోటల్లో చెట్లు పెట్టి, యూరప్ కంపెనీల ఫండ్ ముందే డబ్బు పెట్టి, తర్వాత క్రెడిట్లు తీసుకునేట్టు.

2025 జనవరి, కాగితం మనుషులు

ఇద్దరు కుర్రోళ్ళు కారులో వచ్చినారు, కార్బన్ కంపెనీ తరఫున. మర్యాదగా మాట్లాడినారు. పాసుపుస్తకం, వన్ బీ, అడంగల్ అడిగినారు. నేల ఇంకా జేజబ్బ పేరు మీదే ఉంది కాబట్టి ముందు మ్యుటేషన్ చేయించుకోవాలి, అది నా పని. కాంట్రాక్టు 22 పేజీలు, అంతా ఇంగ్లీషు, 40 ఏళ్లు. 40 ఏళ్లు అంటే నా కొడుకు ముసలోడయ్యే దాకా. వెర్రా (ఇది కూడా క్రెడిట్లకి ముద్ర వేసే సంస్థే) రూల్సులో ఇప్పుడు ఇట్లాంటి చెట్ల ప్రాజెక్టులకి కనీసం 40 ఏళ్లు కాబట్టి అది వాళ్ల తప్పు కాదు, కానీ తెలుగు కాపీ లేకుండా సంతకం అడగడం మాత్రం తప్పే. తెలుగులో ఇవ్వండి అన్నా.

తర్వాత వాళ్లలో పెద్దాయన ఒక మాట అన్నాడు. "సార్, ఆ వంక పక్క 3 ఎకరాలు ఉంది కదా, అందులోనే అసలు కార్బన్ ఉంది. దాన్ని కొట్టేసి మామిడి పెట్టాలి అనుకుంటున్నారు, మా ప్రాజెక్టు వల్ల ఆగినారు అని రాద్దాం. మీరు ఒక డిక్లరేషన్ ఇస్తే చాలు."

లెక్క తెలియకపోయి ఉంటే సంతకం పెట్టేవాడినేమో. తెలుసు కాబట్టి పెట్టలేదు. వంక పక్క అడవి కొట్టాలి అని మా ఇంట్లో ఎవరూ ఏనాడూ అనుకోలేదు, గంగమ్మ రాయి అందులోనే ఉంది, వాల్టా చట్టం 2002 (నీళ్లు, నేల, చెట్ల చట్టం) ప్రకారం పట్టా నేలలో అయినా చెట్టు కొట్టాలంటే పర్మిషన్ కావాలి. ఆ డిక్లరేషన్ మీద పుట్టే క్రెడిట్ ఎక్కడో ఒక ఫ్యాక్టరీ కొనుక్కొని "మా పొగకి ఇది సరిపోయింది" అంటుంది, పొగ నిజం, ఇది అబద్ధం. 2023 జనవరిలో గార్డియన్ పత్రిక వాళ్ళు బయటపెట్టిన గొడవ అంతా ఇదే కదా, కొట్టేస్తారని భయం ఎక్కువ చేసి చూపించి కాపాడినట్టు రాసిన వానాడవుల క్రెడిట్లు (వెర్రా ఒప్పుకున్నవి), వాళ్లు చూసిన వాటిలో 90 శాతం పైన ఉత్తవే అని. ఆ దెబ్బకి నిజంగా పని చేసేవాళ్ల క్రెడిట్లకి కూడా నమ్మకం పోయింది. మళ్లీ అదే పని నా జేజబ్బ అడవితో చేయనీయను. కుదరదు అని చెప్పి మజ్జిగ ఇచ్చి పంపించినా.

జేజికి చెప్తే, "మీ అబ్బకి ఎవురూ దుడ్లియ్యలా. సెలమలో నీళ్లుంటే సాలనేటోడు" అనింది. వంకలో చెలమ ఆ 3 ఎకరాల కిందే ఉంది, చుట్టుపక్కల వంకలు సంక్రాంతికే ఎండితే అందులో ఫిబ్రవరి చివరి దాకా నీళ్లు ఊరతాయి.

కేంద్రం 2023 అక్టోబర్‌లో తెచ్చిన గ్రీన్ క్రెడిట్ గురించి కూడా చాలామంది అడుగుతున్నారు. పేరు దగ్గరగా ఉంది గాని అది వేరే, మొక్కల భాగం ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్ చేతిలో ఉన్న పాడైన నేలలకి, మన పట్టా గుట్టకి కాదు.

2025 మార్చి, మంట

ఫిబ్రవరిలోనే మూసిన నేల చుట్టూ 4 మీటర్ల వెడల్పు గడ్డి గీకి ఫైర్ లైన్ తీసినా. బోదగడ్డి ఎండితే అగ్గిపెట్టె లెక్క. అయినా మార్చి 16 మధ్యాహ్నం గుట్ట పైనుంచి వచ్చింది, గాలి మా వైపే. పైన లైన్ ఒకచోట బండ ఉందని సన్నగా వదిలినా, సరిగ్గా అక్కడే దాటింది. మేకల మామ, ఆయన కొడుకు, చిన్నాయన, కూలోళ్ళు, పచ్చి కొమ్మలతో కొట్టి రెండు గంటల్లో ఆపినాం. అర ఎకరం పోయింది. ముందుగా పరిగెత్తి వచ్చింది మామే, నా నేల కదా అని చూస్తూ కూర్చోలేదు, ఇది మర్చిపోను.

మామ చెప్పినాడు, ఇంతకు ముందు మేకలు గడ్డి తినేవి కాబట్టి మంట ఇంత ఎత్తు వచ్చేది కాదు అని. నిజం. మూసినాక గడ్డి నడుము ఎత్తు పెరిగింది, నేనే మంటకి మేత పెంచినట్టు అయింది. అందుకే ఇప్పుడు డిసెంబర్ నుంచి జనవరి లోపల గడ్డి కోయించడం తప్పనిసరి అని రాసుకున్నాం, కోసినది మామకే.

2025 జులై

కాలిన చోట చిరుమాను, మోదుగ, చండ్ర మళ్లీ మొదట్నుంచి లేచినాయి. పోయినవి ఎక్కువ గింజ నుంచి లేచిన మొలకలే, ఎర్రచందనం మొలక ఆ పొదతో పాటు పోయింది. చిన్నాయన మూడుసార్లు పోయి వెతికి వచ్చినాడు.

మొద్దుకి ఎనిమిది పది పిలకలు ఉంటే రెండు గట్టివి ఉంచి మిగతావి తీసేయడం ఈ నెల పని. అన్నీ ఉంచితే అన్నీ సన్నగానే ఉంటాయి. తీసినవి మేకలకి పోయినాయి.

2025 నవంబర్

రెండో కొలత. మూసిన గళ్లలో 2 మీటర్లు దాటిన పిలకలు 4 గళ్లకి కలిపి 137, పోయిన ఏడాది ఆగస్టులో 9. తెరిచిన 2 గళ్లలో అప్పుడు 4, ఇప్పుడు 5. ఈ తేడా నాకు అన్నిటికన్నా విలువైనది, ఎందుకంటే వెర్రా 2023లో తెచ్చిన వీఎం0047 అనే పద్ధతిలో కూడా పెద్ద నేలలకి అడిగేది ఇదే: నువ్వు పని చేసిన నేల పక్కన, అట్లాంటిదే నువ్వు పని చేయని నేల ఎంత పెరిగిందో శాటిలైట్‌తో చూసి, ఆ తేడాకే క్రెడిట్ ఇస్తారు. మేకల కోసం వదిలిన 2 ఎకరాలు నా పనికి సాక్షి కింద నిలబడింది. అప్పుడు ఇట్లా ఆలోచించి వదల్లేదు.

కార్బన్ అయితే ఇంకా దాదాపు ఏం లేదు, వేలెడు లావు పిలకల్లో ఎంత ఉంటుంది. మొదటి ఏళ్లలో లెక్కకి చాలా తక్కువ వస్తుంది, తర్వాతే ఊపు అందుకుంటుంది. తొందరపడే వాళ్ళకి ఇది పని కాదు.

మా గుట్ట వరసలో ఇంకో 9 మంది రైతులు వచ్చి చూసి పోయినారు, అందరిదీ కలిపితే 70 ఎకరాలు. ఇది కూడా చాలదు, కానీ పక్క రెండు ఊర్లతో మాట్లాడుతున్నాం. అందరికీ ముందే చెప్పినవి మూడు: తెలుగు కాగితం లేకుండా సంతకం వద్దు, జీవాలోళ్లతో మాట్లాడకుండా కంచె వద్దు, ఉన్న అడవిని కొట్టేస్తామని ఎక్కడా రాయొద్దు. మొదలుపెట్టిన రోజుకి ఫోటోలు, కొలతలు రుజువుగా పెట్టుకోండి, పాత పని తర్వాత రాసుకుంటే ఒప్పుకోరు అని కూడా చెప్పినా.

వచ్చే ఆదివారం మూడో రైతు గుట్టలో గళ్లు వేయాలి. టేపు నాదే, వాలు చూసే ఫోన్ నాదే, రాళ్లు పాతేది మామ కొడుకు, రోజుకి 600 కూలి. వాడికి చిరుమానుకీ తెల్లమద్దికీ తేడా ఆకు చూడకుండా బెరడు తాకి చెప్పడం వచ్చు, నాకు ఇంకా రాలేదు.